ఎగువ గోదావరి పట్టణాలు, నాసిక్ ద్రాక్షతోటలు: నాలుగు రోజుల బస్సు యాత్రపై ఒక సమీక్ష

తెలంగాణ సరిహద్దును ఆనుకొని, మహారాష్ట్రలోని నాందేడ్ జిల్లాలో ఉన్న మా ధర్మాబాద్ నుంచి ద్రాక్ష కోతల కాలంలో బయలుదేరే ఒక బస్సు యాత్ర ఉంది. నాందేడ్, పైఠణ్, నాసిక్, త్ర్యంబకేశ్వర్ చూపించి, ఒక పూట ద్రాక్షతోటకూ దానిని ఆనుకొని ఉన్న వైన్ తయారీశాలకూ తీసుకుపోయి, నాలుగో రోజు అర్ధరాత్రికి తిరిగి ఇంటికి చేరుస్తారు. తలకు 9,800 రూపాయలు తీసుకున్నారు. మూడు రాత్రుల బస, ఉదయం ఫలహారం, రాత్రి భోజనం అందులోనే కలిసి ఉంటాయి. మధ్యాహ్న భోజనం, ప్రవేశ రుసుములు, వైన్ రుచి చూడడానికయ్యే ఖర్చు ఎవరివి వారే పెట్టుకోవాలి. ఫిబ్రవరి మొదటి వారంలో నేను, నా భార్య, మా మేనమామ కలిసి వెళ్ళివచ్చాం. నిర్వాహకుల పేరు రాయడం లేదు. మరో రెండు సంస్థల బస్సులలో వెళ్ళివచ్చిన బంధువులను అడిగితే వారూ దాదాపు ఇవే సంగతులు చెప్పారు కనుక, తప్పు ఒక్కరిది మాత్రమే అనిపించలేదు.

ముందుగా నా అభిప్రాయం చెబుతాను. ద్రాక్షతోటలో గడిపిన పూట పెట్టిన డబ్బుకు తగినట్టుగా ఉంది, పాత పట్టణాలలో గడిపిన పూటలు మాత్రం లేవు. ఆ పట్టణాలలో చూడవలసినది తక్కువై కాదు, తోటలో కన్నా ఎన్నో రెట్లు ఎక్కువే ఉంది. అయితే తోటలో ఒక్క ద్రాక్షపండు గురించి గంటన్నర సేపు ఓపికగా చెప్పే మనిషి ఉన్నారు, రెండు వేల ఏళ్ళ నాటి పట్టణంలో ఐదు నిమిషాలు చెప్పే నాథుడు లేడు.

మేము గోదావరిని గంగ అనే అంటాం. మా తాలూకాలో ఆ నది మీదే ఉన్న బాబ్లీ బరాజ్ గేట్లు 2013 నాటి సుప్రీంకోర్టు తీర్పు ప్రకారం జులై 1 నుంచి అక్టోబర్ 28 వరకు తెరిచి ఉండాలి. ఆ తేదీలను పండుగ తేదీలలాగా గుర్తుపెట్టుకొని బతికేవాళ్ళం కనుక, ఆ నీళ్ళు ఎక్కడ పుట్టి, ఏ ఊళ్ళ మీదుగా మా దాకా వస్తున్నాయో ఒకసారి చూడాలన్న కోరిక మాలో చాలామందికి ఉంది. 1,465 కిలోమీటర్ల నదిలో పై భాగమంతా నాలుగు రోజుల్లో చూపిస్తామని కరపత్రంలో ఉన్న మాటకే మేము డబ్బు కట్టాం.

నాందేడ్ మాకు జిల్లా కేంద్రం, కొత్తేమీ కాదు. 1708లో గురు గోవింద్ సింగ్ పరమపదించిన చోట, మహారాజా రంజిత్ సింగ్ కాలంలో కట్టిన హజూర్ సాహిబ్ గురుద్వారాలో దర్శనం చేసుకొని, లంగర్‌లో కూర్చుని రొట్టె, పప్పు తిని ఎనిమిదిన్నరకల్లా బస్సెక్కాం. అక్కడి ఏర్పాట్లు గురుద్వారావే కనుక వాటిలో వంక పెట్టడానికేమీ లేదు.

పైఠణ్ చేరేసరికి సాయంత్రం నాలుగున్నర. శాతవాహనుల రాజధాని ప్రతిష్ఠానపురం ఇదేనని బడిలో చదువుకున్న తెలుగువాడెవడైనా ఆ ఊళ్ళో దిగేటప్పుడు కాస్త తడబడతాడు. బస్సు మేనేజరు మాత్రం తలుపు దగ్గర నిలబడి, "నలభై నిమిషాలు. ఏక్‌నాథ్ మహారాజ్ సమాధి చూసుకొని ఐదుంబావుకల్ల బండి కాడ ఉండాలె" అన్నాడు. చెప్పింది అంతే. సమాధి మందిరం నది ఒడ్డునే ఉంది కనుక అది చూడగలిగాం. అక్కడి నుంచి సందుల్లో నడిచి, 16వ శతాబ్దంలో ఆ సంత్ కవి నివసించిన వాడాకు, అంటే పాతకాలపు పెద్ద ఇంటికి, వెళితే, అక్కడ నేలలో పాతిన పెద్ద నీళ్ళ కుండ ఒకటి ఉంది. సాక్షాత్తు విఠలుడే శ్రీఖండ్యా అనే పేరుతో నౌకరుగా వచ్చి ఆ ఇంటికి నీళ్ళు మోశాడని కథ. ఫాల్గుణంలో నాథషష్ఠి ఉత్సవమప్పుడు భక్తులు దానిలో నీళ్ళు పోస్తారని ఆ పక్కింటి పెద్దావిడ మరాఠీలో చెప్పింది. ఆ కుండను వాళ్ళు 'రాంజణ్' అంటారు. మా ఇంట్లో ఎండాకాలం నీళ్ళు చల్లబడడానికి పెట్టుకొనే కుండ కూడా రంజనే కదా అని నా భార్య నవ్వింది. అంతలో మేనేజరు ఫోను చేశాడు. "ఎక్కుండ్రి సార్, చీకటి పడితే హోటల్ల రూములు దొర్కవు" అన్నాడు. రూములు ముందే బుక్ చేశామని పొద్దున్నే చెప్పినవాడూ అతనే.

ఆ నలభై నిమిషాల్లో చూడలేకపోయినవి ఇవి: జ్ఞానేశ్వరుడు దున్నపోతు చేత వేదం పలికించాడని చెప్పే నాగఘాట్, శాతవాహనుల కాలపు పూసలు, మట్టిబొమ్మలు, నాణేలు ఉన్న మ్యూజియం, చేతిమగ్గాల మీద పైఠణీ పట్టుచీరలు నేసే ఇళ్ళు, అన్నిటినీ మించి గోదావరి మీది జాయక్‌వాడీ డ్యామ్. 1965లో లాల్ బహదూర్ శాస్త్రి శంకుస్థాపన చేయగా 1976లో ఇందిరాగాంధీ ప్రారంభించిన ఆ మట్టికట్ట దాదాపు పది కిలోమీటర్ల పొడవు ఉంటుంది, 27 గేట్లు. దాని వెనక నిలిచిన నాథసాగర్ మీద సాయంత్రపు ఎండ పడుతుండగా బస్సు కిటికీలోంచి రెండు నిమిషాలు కనిపించింది. మాకు ఆ గేట్లు ఎత్తిన వార్తే వరద వార్త. అలాంటిదాన్ని కిటికీలోంచి చూపించి 'చూశారు' అనిపించుకోవడం నాకు నచ్చలేదు. ఊరు దాటాక బస్సులో ఎవరూ చాలాసేపు మాట్లాడలేదు.

ఆ రాత్రి ఛత్రపతి సంభాజీనగర్‌లో (పాత ఔరంగాబాద్) ఉండి, రెండో రోజు వైజాపూర్ మీదుగా యేవలా వచ్చేసరికి బస్సు ఒక చీరల దుకాణం ముందు ఆగింది. ఇక్కడ ఇచ్చిన సమయం గంటా నలభై నిమిషాలు. పైఠణ్‌కు ఇచ్చినదానికన్నా సరిగ్గా గంట ఎక్కువ. ఎందుకో చెప్పనవసరం లేదు. దుకాణంవాళ్ళు అన్నిటినీ 'అసలు చేతిమగ్గం' అనే చూపిస్తున్నారు. మా మామ చిన్నప్పుడు సోలాపూర్‌లో మగ్గం మీద కూర్చున్నవాడు. ఆయన కొంగు ముందువైపు చూడనే లేదు, ప్రతి చీరనూ తిరగేసి వెనకవైపు గోటితో రాసి చూశాడు. అసలు పైఠణీ కొంగులో నెమలి అయినా, చిలుక అయినా, తీగ అయినా ఒక్కో రంగు పేకను (అడ్డపోగును) చేత్తో దాని హద్దు వరకే తీసుకుపోయి పక్క రంగుతో ముడివేసి వెనక్కి తిప్పుతారు. అందువల్ల ముందూ వెనకా ఒకేలా ఉంటుంది, వేలాడే పోగు ఉండదు. మరమగ్గంలో జకార్డు అనే యంత్రపు అమరికతో తీసిన నెమలికి వెనకాల దారాలు గుంపుగా తేలుతుంటాయి, లేదా వాటిని కత్తిరించిన కొసలు గోటికి తగులుతాయి. "ఇది పైఠణీ కాదు తాయీ, పైఠణీ బొమ్మ" అని ఆయన మరాఠీలో అన్నాక, దుకాణంలోని అమ్మాయి ఏమీ అనకుండా లోపలి బీరువాలోంచి మరో రెండు చీరలు తెచ్చింది. అవి అసలైనవే. ధర మా అందరి యాత్ర ఖర్చును మించింది కనుక చూసి దండం పెట్టి వచ్చేశాం. కొనాలనుకొనేవారు వెనకవైపు చూడకుండా మాత్రం కొనవద్దు.

నాసిక్‌లో రెండో రోజు సాయంత్రం పంచవటి. రామకుండ్ దగ్గర గట్లన్నీ సిమెంటు చేసి ఉన్నాయి. అస్థికలు కలిపేవారు, పిండాలు పెట్టేవారు, పక్కనే ఈతకొట్టే పిల్లలు, అందరికీ అవే నీళ్ళు. శుభ్రత గురించి పెద్ద ఆశ పెట్టుకొని వెళ్ళకూడదు. 2027 సింహస్థ కుంభమేళా పనులని చెబుతూ ఒకచోట దారి మళ్ళించారు. నాకు ఇక్కడ బాగా నచ్చినది ఏ గుడీ కాదు, నదిలోనే నిలబడి ఉన్న రెండు ముఖాల హనుమంతుడు. దుతోండ్యా మారుతి అంటారు. వానాకాలంలో నాసిక్ జనం వరదను అడుగుల్లో కొలవరు. నీళ్ళు మారుతి మోకాళ్ళకు వచ్చాయా, నడుముకు వచ్చాయా, మెడ దాకా మునిగాడా అని అడుగుతారు. మేము వెళ్ళినప్పుడు ఆయన పాదాల దగ్గర ఒకామె బట్టలు ఉతుకుతోంది. ఆ మారుతి మెడ దాకా మునిగితే ఆ నీళ్ళన్నీ జాయక్‌వాడీలో చేరతాయి, అది నిండితే మా వంతు వస్తుంది. ఈ సంగతి నాకు పూలమ్మే ఆయన చెబితే తెలిసింది, యాత్ర తరఫున ఎవరూ చెప్పలేదు. మేనేజరు అప్పుడు టీ తాగుతున్నాడు.

కాలారామ్ మందిరం నల్లరాతి కట్టడం. 1930 మార్చి 2న అంబేద్కర్ నాయకత్వంలో దళితుల ఆలయ ప్రవేశ సత్యాగ్రహం మొదలైంది ఈ గుడి ముందే. దీనికి యాత్రవాళ్ళు ఇరవై నిమిషాలు ఇచ్చారు, చెప్పులు విడవడానికీ తొడుక్కోవడానికీ పది పోయాయి.

త్ర్యంబకేశ్వర్ గురించి ఎక్కువ రాయను. జ్యోతిర్లింగ క్షేత్రం, పీష్వా నానాసాహెబ్ కట్టించిన గుడి, రద్దీ. మూడు గంటలు వరుసలోనే గడిచాయి. కుశావర్తం అనే కోనేటిలో తలమీద నీళ్ళు చల్లుకొని, నది పుట్టిన బ్రహ్మగిరిని కింది నుంచే చూసి వచ్చాం. కొండ ఎక్కాలనుకొనేవారికి ఈ యాత్రలో వీలు లేదు.

మూడో రోజు మధ్యాహ్నం తోటకు చేరాం. నాసిక్ పేరు చెప్పగానే అందరికీ గుర్తొచ్చేది 1999లో రాజీవ్ సామంత్ మొదలుపెట్టిన సులా. గంగాపూర్ డ్యామ్ వైపు ఉంటుంది. 2001లో మహారాష్ట్ర ప్రభుత్వం ద్రాక్ష ప్రాసెసింగ్ విధానం తెచ్చి పన్ను రాయితీలు ఇచ్చాక మరికొన్ని తయారీశాలలు వచ్చాయి. మమ్మల్ని తీసుకువెళ్ళినది దిండోరి వైపున్న ఒక చిన్న శాల. చిన్నది కావడమే మంచిదైంది. మా ఇరవై ఎనిమిది మందికీ ఒకే అమ్మాయి వెంట ఉండి, మరాఠీలోనే, ఎక్కడా తొందరపడకుండా చెప్పింది. సరిహద్దు జిల్లా వాళ్ళకు మరాఠీ ఎలాగూ వచ్చు కనుక ఒక్క మాట కూడా వృథా పోలేదు.

ముందు తోటలోకి నడిపించింది. మేము బజారులో కొనే థామ్సన్ ద్రాక్షకూ వైన్ ద్రాక్షకూ పోలికే లేదు. ఇది శనగగింజకన్నా కొంచెం పెద్దగా, తోలు మందంగా, గింజలతో ఉంటుంది. కొరికితే తినే ద్రాక్షకన్నా తియ్యగానే ఉంది గాని తోలు నాలుకను వగరుతో పట్టేసింది. ఆ వగరే ఎర్ర వైన్‌కు కావలసినదట. రసానికి రంగు ఉండదు, నల్ల ద్రాక్షను పిండినా దాదాపు తెల్లగానే వస్తుంది. తోళ్ళతో కలిపి పులియబెడితేనే ఎరుపు దిగుతుంది. తర్వాత ఆమె జేబులోంచి చిన్న గొట్టంలాంటి రిఫ్రాక్టోమీటరు తీసి, గాజు పలక మీద షిరాజ్ రకం ద్రాక్షపండు ఒక్కటి పిండి, మూత వేసి వెలుతురు వైపు పెట్టి చూడమంది. లోపల గుండ్రని తెర మీద పైన నీలం, కింద తెలుపు. రెండూ కలిసే గీత 22 దగ్గర నిలిచింది. అంటే నూరు గ్రాముల రసంలో సుమారు 22 గ్రాముల చక్కెర. అందులో ఇంచుమించు సగం ఆల్కహాలుగా మారుతుందనీ, సీసా మీద 12, 13 శాతం అని రాసి ఉండేది ఇక్కడి నుంచే వస్తుందనీ చెప్పింది. మామ ఆ గొట్టాన్ని మూడుసార్లు అడిగి చూశాడు.

నాకు కొత్తగా తెలిసిన సంగతి తీగ కత్తిరింపు గురించి. ఐరోపాలో చలికి తీగ ఆకు రాల్చి నిద్రపోతుంది, సెప్టెంబర్, అక్టోబర్‌లలో కోత. సుమారు 600 మీటర్ల ఎత్తున్న నాసిక్‌లో కూడా తీగ నిద్రపోయేంత చలి ఉండదు కనుక ఏడాదికి రెండుసార్లు కత్తిరిస్తారు: ఏప్రిల్‌లో ఒకసారి కొమ్మ కట్టడానికి, వానలు తగ్గాక సెప్టెంబర్, అక్టోబర్‌లలో ఇంకోసారి కాపు కోసం. కాపు మాత్రం ఒక్కటే, జనవరి నుంచి మార్చి దాకా కోత. కాయ వేడెక్కకముందే, తెల్లవారుజామున కోస్తారు. మేము వెళ్ళేసరికి ఆనాటి కోత అయిపోయి, ప్లాస్టిక్ క్రేట్లు కడుగుతున్నారు. ద్రాక్ష కోత కళ్ళారా చూడాలంటే మధ్యాహ్నం కాకుండా పొద్దున్నే వెళ్ళాలి. నిర్వాహకులు ఈ ఒక్క మార్పు చేస్తే చాలు.

లోపల స్టీలు ట్యాంకులు వరుసగా ఉన్నాయి. చుట్టూ చల్లటి ద్రవం తిరుగుతూ లోపలి రసాన్ని చల్లగా ఉంచుతుంది. తెల్ల వైన్ నెమ్మదిగా పులిస్తేనే పండు వాసన నిలుస్తుంది. ఈస్ట్ చక్కెరను తిని ఆల్కహాలునూ గ్యాసునూ వదులుతుందని ఆమె వివరిస్తుంటే మామ నా చెవిలో, "గిది మన లొట్టి సంగతే గదా అల్లుడా. పొద్దుగాల దించింది తియ్యగుంటది, మాపటికి పులుస్తది" అన్నాడు. ఆ మాట మరాఠీలో చెబితే ఆమె సంతోషపడి, తేడా ఏమంటే కల్లు ఎవరికోసమూ ఆగదు, మేము ఆపుతాం అంది.

రుచి చూసే గదిలో ఐదు రకాలు పోశారు, ఒక్కొక్కటి రెండు గుక్కలు. షెనిన్ బ్లాంక్ కొంచెం తీపిగా, మొదటిసారి తాగేవారికి తేలిగ్గా ఉంటుంది. సావిన్యాన్ బ్లాంక్‌ను తాగని నా భార్య వాసన మాత్రం చూసి పచ్చి జామకాయ అంది. మా ముందు కాగితంలో కూడా దాదాపు అదే రాసి ఉండడం చూసి ఆమె కాస్త గర్వపడింది. కాబెర్నే సావిన్యాన్ నాకు ఎక్కలేదు, కరక్కాయ నమిలినట్టుంది. షిరాజ్ నచ్చింది, మిరియం ఘాటు లాంటిది చివర తగులుతుంది. తాగనివారికి ద్రాక్షరసం ఇచ్చారు. మహారాష్ట్రలో వైన్‌కు వయసు నిబంధన 21 ఏళ్ళు. మా బస్సులోని ఒక డిగ్రీ కుర్రాడిని గుర్తింపు కార్డు అడిగి పక్కన కూర్చోబెట్టారు. వాళ్ళ నాన్న బతిమిలాడినా వినలేదు. అది కూడా నాకు నచ్చింది.

నాలుగో రోజు ఉదయం పాండవ్‌లేణి. మేనేజరు 'పాండవుల గుహలు' అని చెప్పి బస్సులోనే ఉండిపోయాడు. పాండవులకూ వాటికీ ఏ సంబంధమూ లేదు. త్రిరశ్మి కొండకు తొలిచిన 24 బౌద్ధ గుహలు అవి. 3వ గుహ వసారాను రాతి యక్షులు భుజాల మీద మోస్తున్నట్టు చెక్కారు. ఆ వసారా గోడ మీద గౌతమీపుత్ర శాతకర్ణి తల్లి గౌతమీ బాలశ్రీ, మనవడు పులుమావి 19వ పాలనా సంవత్సరంలో వేయించిన బ్రాహ్మీ శాసనం ఉంది. కొడుకు గుర్రాలు మూడు సముద్రాల నీళ్ళు తాగాయని ఆమె గర్వంగా చెప్పుకొన్నది అందులోనే. అతను ఏలిన దేశాల జాబితాలో అసక, ములక అని వరుసగా ఉంటాయి. ములకమంటే మేము నలభై నిమిషాలు చూసిన పైఠణ్ సీమ. అసకమంటే అశ్మకం; దాని రాజధాని పోదనమే నేటి బోధన్ అని పలువురు చరిత్రకారులు గుర్తించారు, అది మా ఊరికి గంట దూరం. అంటే మేము బస్సెక్కిన సీమ పేరూ దిగిన సీమ పేరూ 1,900 ఏళ్ళుగా ఆ గోడ మీద పక్కపక్కనే ఉన్నాయి. నేను ఇంట్లో చదివి వెళ్ళాను కనుక ఈ ముక్క చెప్పగలిగాను. వినడానికి పన్నెండు మంది నిలబడ్డారు. మిగతావారు అప్పటికే మెట్లు దిగి పోహా తినడానికి వెళ్ళారు. వాళ్ళను తప్పుపట్టను, ముందుగా చెప్పి ఉంటే వాళ్ళూ నిలబడేవారు.

బస్సు బాగుంది, సీట్లు వాలుతాయి, డ్రైవరు నిదానస్తుడు. నాసిక్ హోటల్‌లో వేడినీళ్ళు ఉదయం ఆరు నుంచి ఏడు దాకానే వచ్చాయి. రాత్రి భోజనంలో అన్నం చివర, అదీ అడిగితే పెట్టారు. తెలుగువాళ్ళను ఎక్కించుకొనే యాత్రకు ఇది పెద్ద లోపమే.

తిరిగి వచ్చాక నిర్వాహకులను కలిసి పైఠణ్‌కు పూర్తి పూట ఇవ్వమనీ, చీరల దుకాణం తీసేయమనీ, పైఠణ్‌లోనూ పాండవ్‌లేణిలోనూ మరాఠీగాని తెలుగుగాని చెప్పగల మనిషిని పెట్టమనీ అడిగాను. మొదటిదానికి ఆలోచిస్తామన్నారు, రెండోదానికి నవ్వారు, మూడోదానికి తలకు ఎంత పెరుగుతుందో లెక్కవేస్తామన్నారు. ఆ లెక్క ఇంకా రాలేదు. వైన్ తోట ఒక్కటే చూడాలనుకొనేవారు ఈ బస్సెక్కవచ్చు. నదినీ ఊళ్ళనూ చూడాలనుకొనేవారు నాందేడ్ మీదుగా పోయే దేవగిరి ఎక్స్‌ప్రెస్‌లో ఒకసారి సంభాజీనగర్‌లో దిగి పైఠణ్, ఇంకోసారి నాసిక్ రోడ్‌లో దిగి మిగతావి చూడడం మేలు. ఖర్చు పెద్దగా మించదు. మేము రెండు షెనిన్ సీసాలు తెచ్చుకొన్నాం. ధర్మాబాద్ మహారాష్ట్రలోనే ఉంది కనుక మాకు చిక్కు రాలేదు గాని, బాసర వైపు తెలంగాణలోకి పోయేవారు అక్కడి ఎక్సైజ్ నిబంధనలు ముందే కనుక్కొని, కొన్న రసీదు దగ్గర ఉంచుకోవాలి.